మంచు కింది బిడ్డ కోసం ప్రార్థన

పసుపు ఏరే పనిలో కొద్దిరోజులు పోతే కళ్ల అవసరం ఉండదు. ఏది కొమ్మో ఏది మండో వేళ్లకే తెలిసిపోతుంది. వేలులా పొడుగ్గా ఉండేది కొమ్ము, గుండ్రంగా ఉండేది మండ. రెండూ కలిపి షెడ్డులో మా ముందర పోస్తారు, మేం విడదీసి కుప్పలు చేయాలి. ఆర్మూర్‌లో మా వాడకట్టు ఆడవాళ్లం సీజన్‌లో ఎక్కువగా ఈ పనికే పోతాం. కూలి సంచి లెక్కన ఇస్తారు. చేతులు ఆడుతున్నంతసేపూ నోళ్లు ఖాళీయే కాబట్టి ముచ్చట్లు పెట్టుకుంటాం, అవి అయిపోతే పాటలు, పాటలూ అయిపోతే కొట్లాటలు.

నేను ఇంటర్ దాకా చదివాను. మా చర్చి సంఘంలో ఆదివారపు బడి పిల్లలకు చెప్తాను. ఆరాధనలో బైబిల్ వాక్యం చదివేదీ నేనే. అందుకని షెడ్డులో ఒక పద్ధతి పడింది. మధ్యాహ్నం సద్దులు తిన్నాక నేను చదువుతాను, మిగతావాళ్లు ఏరుతూ వింటారు. చదువుతూ నేను ఏరలేను కదా, దానికి బదులు తలా ఒక దోసెడు కొమ్ములు నా కుప్పలో వేస్తారు. పొద్దు వాలేసరికి నా సంచి కూడా వాళ్ల సంచుల్లాగే నిండి ఉంటుంది. అట్లా వేయమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నేను చదివేది కూడా ఏముంది, ఒకరోజు వాక్యం, ఒకరోజు మా సంఘం నుంచి వచ్చే చిన్న పత్రికలో సాక్ష్యాలు: రోగం నయమైన వాళ్లవి, తాగుడు మానిన వాళ్లవి, దూరదేశాలకు సేవకు పోయిన వాళ్లవి.

ఆ పద్ధతిలో మొదటి దోసెడు ఎప్పుడూ పెద్దమ్మది. ఆమె మా అమ్మకు అక్క కాదు. సంఘంలో అందరికన్నా పెద్దది, అందుకని అందరికీ పెద్దమ్మే. అక్షరం రాదు. ఎడమ చెవి సరిగ్గా వినపడదు కాబట్టి కుడి చెవి నా వైపు ఉండేలా చూసుకుని కూర్చునేది. "సదివే నోటికి గిట్టాలె బిడ్డా" అంటూ దోసెడు నిండా తీసి పోసేది. ఆమె ఎదురుగా కూర్చునేది వేల్పూర్ నుంచి వచ్చే వదిన. ఆమెది మా విశ్వాసం కాదు. అయినా వింటుంది. "మీ పుస్తకం మంచిగనే ఉంటది గని, ఒక్కనాడన్న ఏడ్పియ్యకుంట సదువవు గదా" అని నన్ను ఆటపట్టిస్తుంది.

నా నోటి నుంచి వచ్చేది నిజమే అయి ఉంటుందని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం నా మీద కాదు, నా చేతిలో ఉండే గ్రంథం మీద. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

పోయిన ఏడాది మా బిడ్డ డిగ్రీ అయిపోయి సర్కారు కొలువుల పరీక్షలకు తయారవడం మొదలుపెట్టింది. టౌన్‌లోని లైబ్రరీలో పొద్దంతా కూర్చుని చదివేది. ఆదివారం ఆరాధన అయ్యాక నేను టిఫిన్ డబ్బా పట్టుకుని పోయేదాన్ని. అక్కడ కుర్చీ దొరకడం కష్టం. లేచి చేయి కడుక్కుని వచ్చేలోపు ఇంకొకరు కూర్చుంటారు. అందుకని ఆమె బయట మెట్ల మీద తింటుంటే లోపల ఆమె కుర్చీలో నేను కూర్చునేదాన్ని.

"అమ్మా, ఊకె కూసుంటే లేపుతరు. ఏదన్న పుస్తకం పట్టుకొని కూసో" అంది మా బిడ్డ.

చేయి చాపితే అందే అలమారలోంచి ఒక సన్నటి పుస్తకం తీశాను. లోపల చిన్న చిన్న వరుసలు కనిపిస్తే పాటల పుస్తకం అనుకున్నాను. మా ఇంట్లో వాక్యం, పాటల పుస్తకం, మా బిడ్డ పాఠాల పుస్తకాలు తప్ప వేరే ఏవీ ఉండేవి కావు. అలా వరుసలు వరుసలుగా ఉండేవి దేవుని పాటలే అని నా లెక్క. చదివితే అది కవిత్వం. ఒకాయన తన భార్య ఊరికి పోయిన తర్వాత ఇంట్లో దండెం మీద మిగిలిన ఆమె చీర గురించి రాశాడు. దాన్ని మడత పెట్టాలా అలాగే ఉంచాలా తెలియక ఆయన దాని కింద నుంచి వంగి నడుస్తాడట. అంతే. అందులో ప్రభువు పేరు ఎక్కడా లేదు. అయినా పేజీ తిప్పలేక అదే మళ్లీ మళ్లీ చదివాను. చుట్టూ చూశాను. పిల్లలంతా తలలు వంచి లెక్కలు చేసుకుంటున్నారు. ఏదో చేయరాని పని చేస్తూ దొరికిపోయినట్టు నా చెవులు వేడెక్కాయి. నన్ను అంత దూరం కదిలించే హక్కు దేవుని మాటకే ఉందని అనుకునేదాన్ని. ఒక చీర కదిలించింది. నాకు సిగ్గేసింది.

సిగ్గేసినా మరుసటి ఆదివారం డబ్బా ఇంకొంచెం ముందే సర్దాను. తర్వాత మా బిడ్డ కార్డు మీద పుస్తకాలు ఇంటికి కూడా తెచ్చుకున్నాను. చీమల గురించి ఒకటి, ఎడారిలో ఒంటెల మీద తిరిగిన ఒకామె రాసుకున్నది ఒకటి, దొంగను పట్టుకునే కథ ఒకటి, నక్షత్రాలది ఒకటి. ఏది ముందు ఏది వెనక అని లేదు, చేతికి ఏది తగిలితే అది. ఎంత కడిగినా సీజన్‌లో మా వేళ్ల పసుపు పోదు. నేను తిప్పిన పేజీల మూలలన్నీ పసుపు పట్టేవి.

"అమ్మా, నువ్వు ఏమేం సదివినవో లైబ్రరీల అందరికి ఎరుకైతది" అని మా బిడ్డ నవ్వింది. నేను నవ్వలేదు. అప్పటి నుంచి కొంగు చివర వేలికి చుట్టుకుని పేజీలు తిప్పాను.

ఇది తప్పు అని సంఘంలో నాతో ఎవరూ అనలేదు. అడిగితే అంటారేమోనని నేను అడగలేదు.

ఒకరోజు షెడ్డులో సంచి తెరిస్తే పత్రిక లేదు, ఇంట్లోనే మరిచాను. లోపల ఉన్నది లైబ్రరీ పుస్తకం. అది ఆకాశంలో దూరంగా ఉండే లోకాలకు మనుషులు పోయే సాహస కథ. వదిన ఆవలించి, "ఏదో ఒకటి సదువు, నిద్రొస్తున్నది" అంది.

"ఏం పుస్తకం గది?" అని పెద్దమ్మ అడిగింది.

కథ అని అప్పుడే చెప్పవచ్చు. కానీ ఆదివారపు బడి టీచరు కథల పుస్తకం వెంటేసుకుని తిరుగుతుందని అంటే పెద్దమ్మ ముఖం ఎలా మారుతుందో అని నోరు రాలేదు. "దూరం పోయినోళ్ల గురించి పెద్దమ్మా" అన్నాను. అందులో అబద్ధం లేదు. లేకుండా నేనే చూసుకున్నాను.

కథలో ఒక చోటు ఉంది. అంతా మంచే. ఆ మంచు కింద సముద్రం. కొందరు అక్కడికి పోయి మంచుకు రంధ్రం చేస్తారు. వాళ్లలో ఒక పడుచుపిల్ల, మా బిడ్డ కన్నా కొంచెం పెద్దది, నీళ్లలో మునిగే బండి ఎక్కి కిందికి దిగుతుంది. పైన తుఫాను వచ్చి ఆ రంధ్రం మళ్లీ గడ్డకట్టుకుపోతుంది. ఆమె దగ్గర గాలి కొంచెమే ఉంటుంది. ఇనుప కడ్డీతో కింది నుంచి మంచును కొడుతుంది. పైవాళ్లకు తుఫాను హోరు తప్ప ఏదీ వినపడదు.

"యాడున్నది గా సోటు?" అని వదిన అడిగింది.

"మస్తు దూరం."

"దుబాయ్ కన్న దూరమా?"

"దుబాయ్ కన్న దూరమే."

అందరూ అయ్యో అన్నారు. ఇంకెవరూ ఏమీ అడగలేదు. మా దగ్గర ప్రతి వాడకట్టులో ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉంటారు. పాస్‌పోర్టు గుంజుకుంటే రాలేక ఇరుక్కుపోయిన వాళ్ల ముచ్చట్లు మాకు కొత్త కాదు. ఇదీ అలాంటిదే అనుకున్నారు. ఆ రోజు నా కుప్ప తొందరగా నిండింది. తర్వాత రోజు సద్దులు మూయకముందే "గా పిల్ల ఏమైందో సదువు" అన్నారు. పత్రిక తెచ్చుకున్నాను కూడా. కానీ సంచిలోంచి నేను తీసింది కథల పుస్తకమే.

శుక్రవారం మా సంఘంలో ఉపవాస కూడిక ఉంటుంది. ప్రార్థన అంశాలు ఉన్నవాళ్లు ఒక్కొక్కరుగా లేచి చెప్తారు. ఒకామె మోకాళ్ల నొప్పి చెప్పింది. ఇంకొకామె మస్కట్‌లో ఉన్న కొడుకు ఫోన్ ఎత్తడం లేదని చెప్పింది. తర్వాత పెద్దమ్మ లేచింది.

"అయ్యగారూ, ఒక బిడ్డ మంచు కింద ఇరుక్కపోయింది. కొడుతున్నదట, పైనోళ్లకు ఇనస్తలేదట. గా బిడ్డ కోసం ప్రార్థన చేయాలె."

పాస్టర్‌గారు కలం ఆపి, "ఏ ఊరమ్మా?" అన్నారు.

"దుబాయ్ కన్న దూరం. మన సిస్టర్‌కు తెలుసు, ఆమెనే సదివింది."

ఆయన నా వైపు చూశారు. అందరూ చూశారు. లేచి ఒక్క మాట అంటే అక్కడితో అయిపోయేది. నవ్వేవాళ్లు, అంతే. కానీ మస్కట్‌లో ఉన్న అబ్బాయి తల్లి నా పక్కనే ఉంది. ఆమె అప్పటికే కళ్లు తుడుచుకుంటూ ఉంది.

"అయితే సిస్టర్, ఆ సంగతి మీకు తెలుసు కనుక మీరే నడిపించండి" అన్నారు పాస్టర్‌గారు.

మోకరించాను. మొదట ఏదో ఒక మాటతో దాటేసి, మిగతా అంశాల మీదికి పోదామనుకున్నాను. కానీ కళ్లు మూసుకోగానే ఆ పిల్ల కనిపించింది. చీకట్లో కడ్డీ పట్టుకుని కొడుతూ, ఆగి చెవి పెట్టి వింటూ, మళ్లీ కొడుతూ ఉంది. ప్రభువా, పైనున్న వాళ్ల చెవులు తెరువు అన్నాను. ఆమె భుజం నొప్పి పెడుతుంది, ఆమెకు బలం ఇవ్వు అన్నాను. నాకు ఏడుపు వచ్చింది. చుట్టూ ఆమెన్ అన్నారు, స్తోత్రం అన్నారు. చాలా రోజుల నుంచి నా ప్రార్థనలు నోటి అలవాటుగా పోతున్నాయి. ఆ రోజు మాత్రం నేను నిజంగా అడిగాను. లేని మనిషి కోసం దేవుడిని నిజంగా అడిగాను. పక్కన ఉన్న తల్లి కొడుకు మస్కట్‌లో ఉన్నాడు. అతని పేరు నా నోటికి ఆఖరున వచ్చింది.

ఇంటికి పోతూ ఏ ముఖం పెట్టుకుని ఆకాశం వైపు చూడాలో తెలియలేదు.

షెడ్డులో మరుసటి రోజు అందరం డబ్బాలు తెరిచాం. పెద్దమ్మ తెరవలేదు.

"ఏంది పెద్దమ్మా, తినవా?"

"గా బిడ్డ ముచ్చట తేలేదాక పగటిపూట ముద్ద ముట్టనని మొక్కుకున్న."

పెద్దమ్మకు షుగర్. గోళీలు వేసుకుంటుంది. పూట తప్పితే కళ్లు తిరుగుతాయని దవాఖానలో చెప్పారు. "నీకు షుగర్ ఉన్నది పెద్దమ్మా, దేవుడు అడుగుతడా నిన్ను" అని నేను అంటే, "గా బిడ్డకు గాలే లేకపాయె, నాకు ముద్ద లేకుంటేమాయె" అంది. నేను నా డబ్బా మూత పెట్టేశాను. పత్రిక తీసి చదివాను. గొంతు నాది కాదన్నట్టు వినిపించింది. "గా పిల్లది సదువు" అంది వదిన. తలనొప్పి అని చెప్పాను. ఆ తర్వాతి రోజు ఇంకేదో చెప్పాను.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మ మొదటి దోసెడు తీసి నా కుప్పలో పోసింది. చూస్తే సగం మండలు. కళ్లు మూసుకుని కూడా కొమ్మునూ మండనూ కలపని చేతులవి. వణుకుతున్నాయి. ఆమె పై పెదవి మీద చెమట పట్టింది.

పత్రిక కింద పెట్టాను.

"పెద్దమ్మా, అన్నం తిను. గా బిడ్డ లేదు."

ఆమె చేతులు ఆగిపోయాయి. "సచ్చిపోయిందా?"

"సచ్చిపోలే. అసలే లేదు. గది కథ."

వదిన పకపకా నవ్వింది. "గందుకే అనుకున్న నేను, మంచు కింద సముద్రమేందా అని! ఓ టీచరమ్మా, మాతోని మంచిగనే ఏరిపిచ్చుకున్నవ్ గదా నీ సంచి!" పెద్దమ్మ ముఖం చూసి మధ్యలోనే నవ్వు ఆపేసింది.

"కథనా?" అంది పెద్దమ్మ.

"కథనే."

"రాసినోడు గా పిల్లను సూసిండా?"

"సూడలే. మనసుల అనుకొని రాసిండు."

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. "మరి శుక్రవారం నువ్వు ఏడ్సినవ్ గదా. గది గూడ కథనేనా?"

"గది నిజం పెద్దమ్మా." ఇంతకన్నా మంచి జవాబు నాకు ఈనాటికీ దొరకలేదు.

వాక్యం తెలిసిన దాన్ని కదా, నా తెలివి అప్పటికీ ఊరుకోలేదు. "ప్రభువు గూడ ఉపమానాలు చెప్పిండు గదా పెద్దమ్మా" అన్నాను. ఆయన పేరును అడ్డం పెట్టుకున్నానని అంటుండగానే తెలిసింది.

"ఆయన ఉపమానమని ఎరుక జేసే చెప్పిండు" అంది పెద్దమ్మ. "నువ్వు నాకు చెప్పలే."

"తప్పయింది పెద్దమ్మా. ఇగ తిను."

"ముచ్చట అయిపోయిందా?"

"ఇంక కొంచెం ఉన్నది."

"సదువు. కథనో కాదో, ముచ్చట తేలేదాక ముట్టనని ఆయనకు మాటిచ్చిన. నువ్వు మాటతోని ఆడుకుంటవేమో, నేను ఆడుకోను."

ఆ మాటకు నా తల వంగిపోయింది. సంచిలోంచి పుస్తకం తీశాను. నేను ఇంట్లో అప్పటికే చివరిదాకా చదివేశాను. ఆ పిల్ల బయటపడదు. అది నాకు తెలుసు. ఆ షెడ్డులో అక్షరం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. పుస్తకం కళ్ల ముందు పట్టుకుని, వాళ్లు మంచు తవ్వారు, ఆమె బయటికి వచ్చింది అని నోటితో అంటే అయిపోయేది. పెద్దమ్మ స్తోత్రం అని డబ్బా తెరిచేది. ప్రార్థన వినబడిందని సంతోషపడేది. ఆమె చేతులు వణుకుతూనే ఉన్నాయి. చచ్చిపోయిందని చదివితే ముద్ద మింగుతుందో లేదో కూడా తెలియదు. అబద్ధం చదవడానికి ఎంత కావాలో అంత మంచి సాకు.

ఉన్నది ఉన్నట్టు చదివాను. తుఫాను తగ్గుతుంది. పైవాళ్లలో ఒకడు మంచు మీద పడుకుని చెవి పెడతాడు. కింద కొడుతున్న చప్పుడు వినపడుతుంది. అందరూ తవ్వడం మొదలుపెడతారు. తవ్వుతూ ఉంటే చప్పుడు నెమ్మదిస్తుంది. మధ్యలో ఒకచోట ఆగిపోతుంది. అయినా వాళ్లు తవ్వడం ఆపరు. నీళ్లు కనిపించేదాకా తవ్వి, ఆ ఒడ్డున ఒక దీపం పెట్టి చుట్టూ కూర్చుంటారు. అంతే, పుస్తకం అయిపోయింది.

నేను తలెత్తలేదు. ఒక్కరి చేతులూ ఆడడం లేదు. పసుపు దుమ్ము ఎండలో మెల్లగా దిగుతోంది.

"ఇన్నరు గని ఆలస్యమాయె" అంది పెద్దమ్మ చివరికి. డబ్బా దగ్గరికి లాక్కుని మూత తీసింది. అన్నంలో పచ్చిపులుసు పోసుకుంది. తింటూ ఏడ్చింది. నేను నీళ్లు పోసి గ్లాసు ముందర పెడితే తీసుకోలేదు, వదిన అందిస్తే తాగింది.

ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి సంఘానికి చెప్పాను. వెనక కొందరు నవ్వారు. పాస్టర్‌గారు నవ్వలేదు, కోప్పడనూ లేదు. "కొన్ని వారాలు వాక్యం వేరేవాళ్లు చదువుతారు" అని మాత్రం అన్నారు. ఆ కొన్ని వారాలు నేను మా వరుసలో కూర్చుని, ఎవరో తడబడుతూ చదువుతుంటే విన్నాను. తడబడిన ప్రతిచోటా నా పెదవులు ముందే కదిలేవి. అప్పుడు కూడా సిగ్గేసేది. మస్కట్ తల్లి దగ్గరికి పోయి, మీ బాబు పేరు రోజూ తలుచుకుంటున్నానని చెప్పాను. "కొడుకు ఫోన్ చేసిండు సిస్టర్" అంది. ఎప్పుడు చేశాడని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

పుస్తకాలు మానలేదు. మానాలని ప్రార్థన చేశాను కానీ గట్టిగా చేయలేదు. ఇప్పుడు మళ్లీ సీజన్ వచ్చింది. షెడ్డులో మళ్లీ చదువుతున్నాను. చదవమని మొదట అడిగింది వదిన. నేను ఏది తెరిచినా ముందుగా అదేమిటో పెద్దమ్మకు వినపడేలా చెప్తాను. ఇది వాక్యం. ఇది సాక్ష్యం. ఇది కవిత, ఒకాయన అనుకుని రాసింది. ఇది కథ, ఇందులో మనుషులు నిజంగా లేరు.

వాక్యం అన్నరోజు పెద్దమ్మ ఎప్పటిలాగే మొదటి దోసెడు నా కుప్పలో పోస్తుంది. కథ అన్నరోజు పోయదు. మిగతావాళ్లు పోసినా ఆమె పోయదు. ఆ రోజు నా సంచికి కొంత వెలితి పడుతుంది. అందరూ లేచి పోయాక కూర్చుని నేనే ఏరుకుంటాను. అది న్యాయమే.

కానీ కథ అన్నరోజు ఆమె తన కుప్పను కాళ్లతో జరుపుకుంటూ, కుడి చెవి దాదాపు నా భుజానికి తగిలేంత దగ్గరగా వచ్చి కూర్చుంటుంది. వాక్యం చదివేరోజు అంత దగ్గరికి రాదు. అది చూసి సంతోషించాలో భయపడాలో నాకు తెలియదు. నేను ఏ రోజు కోసం ఎదురుచూస్తున్నానో మాత్రం తెలుసు. తెలిసి, పసుపు జాడ పడకుండా పేజీ తిప్పేముందు కొంగు చివర వేలికి చుట్టుకుంటాను.